కార్న్‌వాల్ నుంచి దొరగుంత దాకా

ఆవిడ వచ్చిన వారం నా మోకాళ్ళు రెండూ వాచి ఉన్నాయి. మా ఆయనకు పక్షవాతం వచ్చి అప్పటికి మూడో ఏడు. ఆయన్ని మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి మార్చడంతోనే నా రోజు గడిచిపోయేది. అలాంటప్పుడు మా చర్చి పాస్టరు గారు ఫోన్ చేశారు. ఇంగ్లండు నుంచి ఒక పెద్దావిడ ఆదోనికి వచ్చిందట. వాళ్ళ ముత్తాత ఎప్పుడో మన వైపు వచ్చి, ఇక్కడే చనిపోయాడట. ఆ చోటు వెతుక్కుంటోందట. తోడుండి మాట్లాడిపెట్టే మనిషి కావాలి, మీరు ఇంగ్లీషు టీచరుగా చేశారు కదమ్మా అన్నారు.

చేసిన మాట నిజమే. ఆదోని నుంచి రోజూ బస్సులో ఎమ్మిగనూరుకు పోయి వస్తూ, అక్కడి ఆడపిల్లల బడిలో రిటైరయ్యేదాకా ఇంగ్లీషు చెప్పాను. కానీ అది పాఠం చదివి తెలుగులో అర్థం చెప్పే ఇంగ్లీషు. ఇంగ్లండు మనిషితో ఎదురుగా కూర్చుని మాట్లాడిన పాపాన పోలేదు. చేతకాదని చెప్పేదాన్నే. కానీ అప్పటికి చాలా రోజులుగా నేను మార్కెట్టుకూ మందుల షాపుకూ తప్ప ఇల్లు కదల్లేదు. ఆయన దగ్గర ఉండటానికి మా చెల్లెల్ని పిలిపించుకుని, సరేనన్నాను.

లాడ్జి ముందు కారు దగ్గర నిలబడి ఉన్న మనిషిని చూసి నాకు కొంచెం ఆశ్చర్యమేసింది. నేననుకున్న తెల్లదొరసాని కాదు. నాకంటే పెద్దది, డెబ్బై దాటి ఉంటుంది. మెడ ఎండకు కమిలి ఎర్రగా ఉంది. చేతుల కణుపులు ఉబ్బి ఉన్నాయి. ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పని చేసి రిటైరయ్యానని చెప్పింది. "వేడినీళ్ళలో, సోడాలో నానిన చేతులు. ఇక బాగుపడవు" అని తనే నవ్వింది. నేను నా మోకాళ్ళు చూపించాను. అక్కడ మొదలైంది మా స్నేహం.

ఆవిడ దగ్గర ఊరి పేరుగా ఉన్నది ఒకే ఒక్క మాట. 'కోడమూర్'. వాళ్ళ అమ్మమ్మ నోటి నుంచి అమ్మకు, అమ్మ నోటి నుంచి ఈవిడకు వచ్చింది. అది మన కోడుమూరే అయి ఉంటుందని మొదటి రోజు అటు వెళ్ళాం. మృగశిర కార్తె వచ్చి రెండు వానలు పడ్డాయి గానీ ఎండ తగ్గలేదు. కోడుమూరులో ఒకరు పాత బంగళా చూడమన్నారు. బంగళా దగ్గర ఉన్నాయన సమాధుల దొడ్డి చూడమన్నాడు. అక్కడ సమాధుల మీద ఉన్న పేర్లన్నీ మన మాలమాదిగ క్రైస్తవుల పేర్లే. ఆవిడ ఒక్కొక్క రాయి దగ్గరా వంగి, నన్ను పేరు చదివించుకుని, తల ఊపి ముందుకు పోయేది. వాళ్ళెవరూ తన వాళ్ళు కాదని తెలిసి కూడా ఒక్కటీ వదల్లేదు. మధ్యాహ్నానికి ఇద్దరికీ కళ్ళు తిరిగాయి. మా డ్రైవరు, ఆదోని సాయిబుల పెద్దమనిషి, మజ్జిగ ప్యాకెట్లు తెచ్చి ఇచ్చి, "ఆరామ్‌గా కూసోండి మేడమ్. సచ్చిపోయినోళ్ళు యాడికీ పోరు. మనం బతకాల కదా" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో ఆవిడ తన వాళ్ళ సంగతి చెప్పింది. వాళ్ళది కార్న్‌వాల్. ఇంగ్లండులో సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొస. అక్కడ నేల కింద తగరం, రాగి. తెలిసినంత మేరకు వాళ్ళ మగవాళ్ళందరూ గనుల్లో దిగినవాళ్ళే. ఆడపిల్లలు పైన షెడ్లలో కూర్చుని సుత్తులతో రాళ్ళు పగలగొట్టేవాళ్ళు. వాళ్ళ ముత్తవ్వ పెళ్ళికి ముందు చేసిన పని అదే. తర్వాత రాగి ధర పడిపోయింది, గనులు ఒకదాని వెనక ఒకటి మూతపడ్డాయి. మగవాళ్ళు ఓడలెక్కారు. ముగ్గురు అన్నదమ్ముల్లో పెద్దవాడు ఆస్ట్రేలియా పోయాడు, నడిపివాడు మెక్సికో. చిన్నవాడు, ఈవిడ ముత్తాత, కోలారు బంగారు గనికి వచ్చాడు. పెళ్ళాం అప్పుడు కడుపుతో ఉంది. కోలారులో కొన్నాళ్ళు చేశాక, ఉత్తరాన ఎక్కడో బంగారం జాడ ఉందని అతన్ని గుంతలు తవ్వించడానికి పంపారు. అక్కడే జ్వరం తగిలి పోయాడు.

"పోయినట్టు ఎన్నో నెలలకు గానీ మా ముత్తవ్వకు తెలియలేదు. అప్పటికి మా అమ్మమ్మ పుట్టి నడవడం కూడా నేర్చింది. ఆమె మళ్ళీ సుత్తి పట్టుకుంది. ఆ గని కూడా మూసేశాక రేవులో చేపలకు ఉప్పు పట్టించే పనికి పోయింది" అంది ఆవిడ. తర్వాత, "మా వైపు ఒక మాట ఉంది. ప్రపంచంలో ఎక్కడ గుంత కనబడినా వంగి చూడు, అడుగున మనూరివాడు ఒకడుంటాడు అని" అంది.

డ్రైవరు ఏమన్నదని అడిగితే తెలుగులో చెప్పాను. "మన ఆస్పరి పక్క పల్లెలోళ్ళు కూడా అంతే కదా మేడమ్. గుంటూరులో యా మిరపసేన్లో సూసినా మనోళ్ళే" అన్నాడు. దాన్ని నేను ఇంగ్లీషు చేసి చెప్పాను. పంటలు కోసే కాలంలో ఇక్కడి వాళ్ళు ఇళ్ళకు తాళాలేసి, పిల్లాజెల్లాతో దూర జిల్లాలకు కూలికి పోతారని, దాన్ని మేము సుగ్గికి పోవడం అంటామని వివరించాను. ఆవిడ ఆ మాటను రెండుసార్లు పలికింది. సుగ్గి, సుగ్గి.

దిగేముందు ఇంకొక సంగతి చెప్పింది. ముత్తాత ఉన్న చోట గుట్ట మీద నిలబడితే ఒకవైపు నేలంతా ఎర్రగా, ఇంకోవైపు నల్లగా కనిపిస్తుందని అతను ఉత్తరంలో రాసినట్టు వాళ్ళ అమ్మమ్మ చెప్పేదట. అలాంటి చోట్లు మా వైపు బోలెడున్నాయి.

మర్నాడు పొద్దున ఆయనకు రాగిజావ తాగిస్తుంటే తట్టింది. మా అమ్మ పుట్టిల్లు ఆస్పరి అవతల ఒక పల్లె. మా అమ్మ ఎప్పుడు తన చిన్నతనం చెప్పినా 'దొరగుంత కాడ గడ్డి కోసినాము', 'దొరగుంత కాడ మేక తప్పిపోయినాది' అనేది. అదేదో దొర తవ్వించిన నీళ్ళ గుంత అనుకున్నాను నేను, అంతే. ఆ పల్లె పక్కన గుట్ట ఉంది. గుట్టకు ఈ పక్క ఎర్రనేల, ఆ పక్క నల్లరేగడి. కోడుమూరు అతని ఉత్తరాలు పోయే టపా ఊరు అయి ఉంటుంది. అమ్మ పోయాక నేను ఆ ఊరు పోలేదు. పోవడానికి అక్కడ మాకెవరూ మిగల్లేదు.

మా చెల్లెలు మూతి ముడుచుకుంది. "మళ్ళా ఈరోజూ పోతావా? నీ మోకాళ్ళు సూసుకో" అంది. ఒక్కరోజే అని చెప్పి బయటపడ్డాను.

ఊరి బయట కారు ఆగేసరికి చేలల్లో అక్కడక్కడా మనుషులు తలలు వంచుకుని నడుస్తున్నారు. తొలకరి వానలకు మట్టి కొట్టుకుపోయి వజ్రాలు బయటపడతాయని ఆ వైపు ఊళ్ళల్లో నమ్మకం. ఎక్కడెక్కడి నుంచో వచ్చి వెతుకుతారు. తెల్లావిడ దిగడం చూసి ఇద్దరు దగ్గరికి వచ్చి, "ఈయమ్మకి యాదైనా దొరికినాదా?" అని అడిగారు. దొరగుంత ఎక్కడని అడిగితే ఇద్దరూ మొహాలు చూసుకుని ఒక రైతు పొలం వైపు చూపించారు.

రైతు పత్తి విత్తనాలు పెట్టిస్తున్నాడు. నలభై ఏళ్ళుంటాయి. దొరగుంత అన్న మాట వినగానే అతని మొహం బిగిసిపోయింది.

"మీరు యా కంపెనీ నుంచి వచ్చినారు?" అన్నాడు.

"కంపెనీ కాదప్పా. ఈమె వాళ్ళ ముత్తాత ఇక్కడ చనిపోయినాడంట. చూసిపోదామని వచ్చింది."

"అందురూ అట్లే సెప్తారు మేడమ్. ముందు సూస్తామంటారు. తర్వాత మిషన్లు తెస్తారు. ఈడ బంగారం ఉందంటారు, మా భూమి పోతాది. యాడికి పోవల్ల మేము?"

అతని భయం వట్టిది కాదు. ఆ చుట్టుపక్కల బంగారం తవ్వకాల మాట ఎప్పటి నుంచో నడుస్తూనే ఉంది. ఎంత చెప్పినా అతను కదల్లేదు. నేను ఇటు ఇంగ్లీషులో, అటు తెలుగులో చెప్పి చెప్పి అలిసిపోయి గట్టు మీద కూలబడ్డాను. చివరికి మా అమ్మ పేరు, వాళ్ళ ఇంటిపేరు చెప్పాను. అప్పుడు చెట్టు నీడన కంది విత్తనాలు ఏరుతున్న ముసలమ్మ లేచి వచ్చింది. రైతుకు తల్లి.

"నువ్వు తొండాలు కుట్టేటోళ్ళ మనవరాలివా?" అంది నా మొహంలోకి చూసి.

అవునన్నాను. మా అమ్మ వాళ్ళ తాత కపిల బావులకు తోలు తొండాలు కుట్టేవాడు. ఎద్దులు లాగితే ఆ తొండాలతో నీళ్ళు పైకి వచ్చేవి. మోటార్లు వచ్చాక ఆ పని పోయింది. మా మేనమామలు ఆదోనిలో దూది మిల్లుకు పోయారు.

"అట్లయితే నువ్వు మా ఊరి బిడ్డవే. రాండి" అని ముసలమ్మ ముందు నడిచింది. రైతు వెనకే వచ్చాడు.

దొరగుంత అంటూ ఇప్పుడు లోతేమీ లేదు. పొలంలో ఏరిన రాళ్ళన్నీ తరాల తరబడి అందులోనే వేస్తూ వచ్చారు. తుమ్మ మొలిచిన రాళ్ళ దిబ్బ, దాని చుట్టూ కొంచెం పల్లం. ఆవిడ దాని అంచున నిలబడింది. ముసలమ్మ రాతి మీద కూర్చుని తన అత్త చెప్పిన మాట చెప్పింది. నేను వాక్యం వాక్యం ఇంగ్లీషు చేస్తూ పోయాను.

"దొర ఈడ బావి మాదిరి గుంత తవ్విచ్చినాడంట. మన ఊరోళ్ళే కూలికి పోయినారంట. నీళ్ళు పడితే నీ జేజోళ్ళ తొండాలతోనే తోడినారంట. బంగారం అంతో ఇంతో పడినాదంట గానీ కూలికి కూడా సాలలేదు. ఆ ఏడు దొరకి జొరం తగిలినాది. బండి కట్టి బళ్ళారికి తీస్కపోదామనుకునే లోపలే సచ్చిపోయినాడు. ఎండాకాలం. పీనుగని యాడ పెట్టుకోవల్ల? ఈడనే పూడ్సినారు."

"అతని దగ్గర ఎవరున్నారు అప్పుడు?" అని ఆవిడ అడగమంది.

"కూలోళ్ళు ఉన్నారు. ఇంగెవురుంటారు? సచ్చేటప్పుడు దొర ఏందో అనినాడంట. ఒగసారి కాదు, మళ్ళా మళ్ళా. దొర మాట మనోళ్ళకి రాదు. ఏమడుగుతాండాడో ఎవురికీ తెల్దు. నోట్లో నీళ్ళు పోసినారంట."

ఇది చెప్పాలా వద్దా అని నాకు ఒక్క క్షణం అనిపించింది. చెప్పాను. ఆవిడ వంగి దిబ్బ అంచున ఒక రాయి మీద చెయ్యి పెట్టింది. తర్వాత, "నీళ్ళే అడిగి ఉంటాడు" అంది. ఇంకొంచెం సేపటికి, "జ్వరంలో ఎవరైనా నీళ్ళే అడుగుతారు. నేను ఆసుపత్రిలో చూశాను" అంది. ఆ మాట నాకోసం అన్నదో తనకోసం అన్నదో తెలియదు. ముసలమ్మకు చెబితే, "అంతే అయ్యుంటాది" అని తల ఊపింది.

అప్పుడు ఆవిడ నాతో, "ఈమెకు ఒక మాట చెప్పు. మా ముత్తాత దొర కాడు. గనిలో కూలివాడు. మా ఊళ్ళో అతనికి సొంత ఇల్లు కూడా లేదు" అంది.

ఆ మాట చెప్పగానే రైతు మొదటిసారి నోరు తెరిచి నవ్వాడు. "తెల్లోళ్ళల్లో కూలోళ్ళు ఉంటారా మేడమ్?"

"ఉంటారంట. ఈమె కూడా ఆసుపత్రిలో గుడ్డలు ఉతికిందంట."

అతను ఆవిడ చేతుల వైపు చూశాడు. నవ్వు ఆగిపోయింది. తలపాగా తీసి మొహం తుడుచుకుని, "పనికోసరం ఇంత దూరం వచ్చి సచ్చినాడా" అన్నాడు నెమ్మదిగా.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆవిడ, ఇక్కడ ఒక చిన్న రాయి నిలబెట్టవచ్చా, దాని మీద అతని పేరు చెక్కిస్తాను అని అడిగింది. నేను ఆ మాట తెలుగులో చెప్పగానే రైతు మొహం మళ్ళీ బిగిసింది.

"రాయి వద్దు మేడమ్."

"చిన్న రాయేనప్పా. దిబ్బ మీద. దున్నే చోట కాదు."

"రాయి మీద పేరుంటే రేపు ఎవురన్నా వచ్చి ఈ సోటు మాదంటారు. నా కొడుకులు యాడ తిరుగుతారు కోర్టులెంట? పాపం అనిపిస్తాంది నాకూ. కానీ వద్దు."

ఆవిడ అర్థం కానట్టు నా వైపు చూసింది. ఏడు సముద్రాలు దాటి వచ్చిన మనిషికి ఈ మాట ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. ఎండకు తల పగిలిపోతోంది. అతన్ని ఇంకొంచెం బతిమాలితే ఒప్పుకునేవాడేమో. ముసలమ్మ నా వైపే ఉంది. కానీ అతను చెప్పింది సబబే. ఈ వైపు భూమి ఉన్నవాడు ఎంత భయంతో బతుకుతాడో, లేనివాళ్ళ ఇంట పుట్టిన నాకు తెలుసు. "అతను వద్దంటున్నాడు. నేనైనా వద్దనే అంటాను" అని ఆవిడతో చెప్పి, ఎందుకో విడమరచి చెప్పాను.

ఆవిడకు బాధ వేసింది. మొహం అటు తిప్పుకుంది. తర్వాత దిబ్బ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది. నేను పక్కన నిలబడే చేసుకున్నాను; నేను కూర్చుంటే మళ్ళీ లేవలేను. లేచేటప్పుడు ఆవిడ వల్ల కాలేదు. నేను ఒక చెయ్యి పట్టుకుంటే, రైతు భార్య విత్తనాల బుట్ట కింద పెట్టి పరుగున వచ్చి రెండో చెయ్యి పట్టుకుంది.

అన్నం వేళ అయింది. తినకుండా పోవద్దంది ముసలమ్మ. జొన్నరొట్టె, వంకాయ కూర, వేరుశనగ పొడి. ఆవిడకు కారం ఎక్కువైంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారానికేనా అని ఎవరూ అడగలేదు. రైతు తనే తీసుకొచ్చి బెల్లం ముక్క ఆమె చేతిలో పెట్టాడు. "ఆ దిబ్బని ఎవురూ దున్నరు. నాగలి దిగదాడ. అట్లే ఉంటాది, సెప్పండి" అన్నాడు. చెప్పాను. ఆవిడ తల ఊపింది.

తినేటప్పుడే ముసలమ్మ ఇంకో మాట చెప్పింది. దొర పోయినాక తవ్వకం ఆగిపోయింది. కూలి లేదు, వానల్లేవు. ఆ కూలి చేసినవాళ్ళలో కొందరు పెళ్ళాం పిల్లలతో కోలారుకు నడిచి పోయారు. "నీ జేజోళ్ళ అన్నదమ్ముల్లో ఒగాయన పోయినాడు. పోయినోళ్ళు పోయిరి. ఉండినోళ్ళు ఉండిరి" అంది.

మా అమ్మ కూడా ఎప్పుడో అనేది, మావాళ్ళు ఒకరు కోలారు పోయి రాలేదని. పోయినవాడు ఏ పని మీద పోయాడో, ఎవరితో పోయాడో నేను అడిగింది లేదు.

కారులో ఆ కోలారు సంగతి చెప్పాక ఆవిడ నన్ను అడగడం మొదలుపెట్టింది. నీ ముత్తాత పేరేమిటి? తెలియదు. తొండాలు కుట్టకముందు ఏం చేసేవాళ్ళు? తెలియదు. చర్చిలో ఎప్పుడు కలిశారు? నూటయాభై ఏళ్ళ కిందటి ధాత కరువులో మిషను వాళ్ళు గంజి పోసిన చోట కలిశారని అంటారు. అంతకు ముందు? అంతకు ముందు కరువే, అన్నాను. మా సంగతి వెనక్కి వెనక్కి వెళ్ళి ఆ కరువు దగ్గర ఆగిపోతుంది. అవతల ఎవరున్నారో చెప్పేవాళ్ళు ఆ కరువులోనే పోయారు. కొంచెం దూరం పోయాక ఆవిడ నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది.

ఇంటికొచ్చేసరికి చెల్లెలు అలిసిపోయి గోడకానుకుని కూర్చుని ఉంది. మా ఆయన వంకరపోయిన నోటితో, దొరికిందా అని అడిగారు. దొరికింది అన్నాను. అంతకంటే చెప్పే ఓపిక లేక ఆయన పక్కనే పడుకున్నాను.

ఆవిడ అక్కడి నుంచి కోలారు పోయింది. అక్కడ కార్న్‌వాల్ వాళ్ళ సమాధులు వరసగా చాలా ఉన్నాయట. గనులు మూతపడి, కూలీల రేకుల ఇళ్ళు మాత్రం మిగిలాయట. ఆ ఇళ్ళ మధ్య తిరుగుతూ, తెలుగు మాట్లాడేవాళ్ళు కనబడితే ఆపి, ఆస్పరి, ఆస్పరి అని అడిగిందట. అడగమని నేను చెప్పలేదు. చివరికి ఒక ఇంట్లో, మా పెద్దలు కర్నూలు వైపు నుంచి వచ్చారని అన్నారట. వాళ్ళ ఫోన్ నంబరు నాకు పంపింది.

నేను చాలా రోజులు ఆ ఫోన్ చెయ్యలేదు. ఆ చలికాలం ఆయన్ని రెండుసార్లు ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. ఆదోని మార్కెట్టులో డ్రైవరు కనబడి, పత్తి దెబ్బతిని ఆ రైతువాళ్ళు ముసలమ్మతో సహా గుంటూరు సుగ్గికి పోయారని చెప్పాడు. ఆ సాయంత్రమే ఫోన్ చేశాను.

అవతల ఎత్తింది ఒక ఆడమనిషి. ఆమె తెలుగులో సగం అరవం. నేను ఎవరో చెప్పడానికే చాలాసేపు పట్టింది. మీ తాతల్లో ఎవరైనా తోలు పని చేసేవాళ్ళని విన్నారా అని అడిగాను.

"అదంతా నాకు తెలీదక్కా. మా తాత, మా నాయన గనిలోనే. నాయన దుమ్ముకు ఊపిరి పోయి చచ్చిపోయినాడు. ఇప్పుడు గని లేదు. పొద్దున రైలెక్కి బెంగుళూరు పోతా, బట్టల ఫ్యాక్టరీలో పని. రాత్రికి తిరిగి రైలు" అంది. వెనక స్టేషను గోల వినబడుతోంది.

"కూర్చోవడానికి చోటు దొరుకుతుందా?" అని అడిగాను.

"ఎక్కడ దొరుకుతుందక్కా. ఒక్కోనాడు దొరుకుతుంది." తర్వాత, "మీరు మా వాళ్ళే అంటారా?" అంది.

"అయి ఉండొచ్చు. తేల్చి చెప్పేవాళ్ళు లేరు."

"అయితే అట్లనే అనుకుందాం లే అక్కా" అంది ఆమె. ఆదివారం మళ్ళీ చేస్తానంది. చేసింది కూడా.